నీ జాబితా చూశాను

విజయనగరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పిన్ని ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన కొనుగోళ్ల జాబితా అందాయి. శ్రీకాకుళంలో కొత్తగా పెట్టిన కాపురాన్ని ఒంటికీ, ఊరికీ కీడు చేయని పద్ధతిలో నడుపుకోవాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. అయితే వెదురు బ్రష్షులు, స్టీలు స్ట్రాలు, ఒకే రకం గాజు సీసాల వరుస, గాలిని శుభ్రపరిచే యంత్రం అంటూ నువ్వు రాసిన పదిహేడు వస్తువుల్లో ఒక్కటి కూడా ఈ నెలలో కొనవద్దని నా సలహా. పప్పులు పోసుకోవడానికి మీ అత్తగారింట్లో అటక మీద ఉన్న పాత సీసాలు చాలు. ఇంట్లో దేనికి లోటుందో తెలియాలంటే ఆ ఇంట్లో కొన్నాళ్లు మసలాలి కదా.

ఈ మాట ఎందుకు అంటున్నానంటే, మా ఇంటికి ఎంత నీరు కావాలో పాతికేళ్లు కాపురం చేసిన తరువాత గాని నాకు తెలియలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధికి వారం పైగా కరెంటు లేదు. మోటారు ఆగిపోయింది కనుక పెరటి నూతి నుంచి నీరు తోడి మోసుకోవలసి వచ్చింది. అంతకు ముందు ఇంట్లో మా నలుగురికీ వెయ్యి లీటర్ల ట్యాంకును రోజూ నింపుకునేవాళ్లం. మూడో రోజుకు అదే నలుగురికి పదిహేను లీటర్ల బిందెలు పందొమ్మిది సరిపోయాయి, అంటే మూడు వందల లీటర్లు కూడా కాలేదు. స్నానాలు మానలేదు, గిన్నెలు తోమడం మానలేదు. కుళాయి కింద గిన్నె పెట్టి కడగడానికి బదులు చెంబుతో నీరు పోసి కడిగామంతే. కరెంటు వచ్చిన మర్నాడే మళ్లీ ట్యాంకు ఖాళీ అయింది. చేతికి సులువుగా అందే దాన్నే మనిషి వాడతాడని అప్పుడు అర్థమైంది. అందువల్ల నేను కింద రాసే సలహాలన్నీ ఏ వస్తువును ఎక్కడ పెట్టాలన్న దాని చుట్టూనే తిరుగుతాయి.

ముందుగా తాగే నీటి సంగతి. ఆర్‌ఓ యంత్రం కొనేముందు మీ కుళాయి నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించు. తాగునీటికి మన దేశంలో పాటించే ప్రమాణం ప్రకారం, లీటరులో కరిగి ఉన్న లవణాలు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. ఆ లోపే ఉండి, ఫ్లోరైడు వంటి ఇతర దోషమేదీ బయటపడకపోతే ఆర్‌ఓతో పని లేదు. సూక్ష్మక్రిములకు భయపడితే, తెర్లేదాకా కాచి, ఒక నిమిషం పాటు అలాగే ఉంచి, చల్లార్చి, మూత ఉన్న కుండలో పోసుకుంటే సరిపోతుంది. కాచినందువల్ల ఉప్పదనం మాత్రం తగ్గదు. నీరు నిజంగానే ఉప్పగా ఉండి యంత్రం పెట్టించుకోవలసి వస్తే, అది తాగే నీరు లీటరు ఇచ్చేటప్పుడు అంతకు రెట్టింపో మూడింతలో నీటిని బయటికి వదిలేస్తుందని గుర్తుంచుకో. ఆ గొట్టం చివర మోరీలో ఉంటే నీరంతా మోరీ పాలవుతుంది, బకెట్‌లో ఉంటే ఇల్లు తుడవడానికి అక్కరకు వస్తుంది.

చెత్త విషయంలో నువ్వు రెండు రంగుల డబ్బాలు కొంటానన్నావు. తడి చెత్తను వేరు చేయడం మంచిదే గాని, వేరు చేసిన దానిని నువ్వే ఎరువుగా మార్చుకోగలిగితే చెత్తబండికి ఇవ్వవలసింది చాలావరకు తగ్గిపోతుంది. ఈ పనిలో నేను మొదటిసారి ఘోరంగా ఓడిపోయాను. మూత బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ములో కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పిప్పి అన్నీ వేసి ఇరవై రోజులు మూసి ఉంచాను. మూత తీసేసరికి అది నల్లటి బురదగా మారి, తెల్లని పురుగులతో కదులుతూ ఉంది. ఆ వాసన గోడ దాటి వెళ్లడంతో పక్కింటి వారు మా ఇంట్లో ఏదో చచ్చిందని అడగడానికి వచ్చారు. తప్పు ఎక్కడంటే, డ్రమ్ముకు గాలి రంధ్రాలు లేవు, లోపల ఎండు ఆకు ఒక్కటి కూడా లేదు. గాలి ఆడని చోట తడి చెత్త కుళ్లుతుంది గాని ఎరువు కాదు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. చుట్టూ, అడుగున రంధ్రాలున్న మట్టి కుండీని వంటింటి వెనుక గుమ్మం పక్కనే, చేయి చాస్తే అందే చోట పెట్టాను. పెరట్లో ఒక మూల పెడితే వాన రోజున ఎవరూ అక్కడిదాకా నడవరు. దాని పక్కనే గోనె సంచి నిండా ఎండు ఆకులు ఉంటాయి. ఒక గుప్పెడు తొక్కలు వేసినప్పుడల్లా రెండు మూడు గుప్పెళ్ల ఎండు ఆకులు పైన కప్పుతాను. మొదట్లో కొంచెం పాత ఎరువో, పేడ నీళ్లో చల్లితే పని త్వరగా అందుకుంటుంది. నాలుగైదు రోజులకొకసారి కర్రతో కిందా మీదా కలపాలి. పాకం సరిగ్గా ఉందో లేదో చూడడానికి గుప్పెడు తీసి గట్టిగా పిండు: వేళ్ల మధ్య చెమ్మ కనబడి, నీరు కారకపోతే బాగున్నట్టు. నీరు కారితే ఆకులు కలుపు, పొడిగా రాలిపోతే కాస్త నీరు చిలకరించు. చేప ముళ్లు, మాంసం, నూనె మడ్డి వేయకు, ఎలుకలు చేరతాయి. రెండు నెలలు దాటేసరికి తొక్క ఏదో ఆకు ఏదో పోల్చుకోలేనంతగా మారి, తొలకరి వాన పడ్డ మట్టి వాసన వస్తుంది.

పొడి చెత్తను మాత్రం ఎంత మాత్రమూ తగలబెట్టవద్దు. చలికాలం తెల్లవారుజామున ఆకులతో పాటు ప్లాస్టిక్ కవర్లు కాల్చే అలవాటు మన వీధుల్లో ఇంకా ఉంది. భోగి మంటలో పాత టైర్లు పడేసే వారినీ చూశాను. పిడకల మంటకు, రబ్బరు మంటకు తేడా తెలియకపోతే ఇక పండుగ ఎందుకు?

శుభ్రం చేసే సరుకుల గురించి ఒక హెచ్చరిక. స్నానాల గది యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఒకే అరలో ఉంచవద్దు, ఒకదాని తరువాత ఒకటి వాడవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మరక త్వరగా పోతుందని ఒకసారి నేను అలాగే చేసి, ఊపిరి అందక, కళ్లు మండుతూ తలుపు తోసుకుని బయటపడ్డాను. ఇప్పుడు యాసిడ్ మా ఇంటికే రాదు. నేలకు సబ్బు నీరు, ఇత్తడికి చింతపండు, తలకు కుంకుడుకాయలు, ఇంతే.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను. కొనవలసినవి ఏవైనా ఉన్నాయంటే అవి ఫ్యాన్లు. పాతకాలం ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ రకం సుమారు 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను మీద నెలకు ఇరవై యూనిట్లు మిగులుతాయి. మన తీరపు ఉక్కకు ఆ పదిహేను గంటలు ఎక్కువేమీ కాదు. టీవీ పక్కన ఉండే సెట్‌టాప్ బాక్స్ పది వాట్లు లాగేదైతే, ఎవరూ చూడకపోయినా నెలకు ఏడు యూనిట్లు ఖర్చవుతుంది. దాని స్విచ్ బల్ల వెనుక ఉంటే ఎవరూ కట్టరు. బోర్డును బల్ల ముందుకు జరిపించు.

మీ వీధి నాగావళికి దగ్గర, దోమలు ఉంటాయి. కాయిల్ పొగను గదిలో మూసి పడుకోవడం కంటే దోమతెర మేలు. గాబును వారానికొకసారి ఖాళీ చేసి, లోపలి గోడలను పీచుతో గట్టిగా తోము. డెంగీ దోమ గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి కనుక నీరు పారబోసినంత మాత్రాన పోవు.

మీ అత్తవారిది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం కాబట్టి మరొక మాట. కవిటి, సోంపేట వైపు మూత్రపిండాల జబ్బుకు అసలు కారణం ఏమిటో ఇప్పటికీ తేలలేదు. అయితే ఒళ్లు నొప్పులకని దుకాణంలో మాత్రలు కొని తరచూ మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయన్నది మాత్రం తెలిసిన విషయమే. కొబ్బరి తోటలో పని చేసి వచ్చిన మీ మామగారికి మాత్రల డబ్బా కంటే ముందు మజ్జిగ చెంబు చేతికి అందేలా చూడు. పొద్దున్నే చోడి (రాగి) అంబలి తాగే అలవాటు ఆయనకు ఉంటే మాన్పించకు, వీలైతే నువ్వూ నేర్చుకో.

గృహప్రవేశం భోజనాలకు ప్లాస్టిక్ పూత ఉన్న పళ్లేలు తేవద్దు. సీతంపేట ఏజెన్సీ వైపు నుంచి వచ్చే అడ్డాకుల విస్తళ్లు సంతలో దొరుకుతాయి, తిన్న తరువాత ముక్కలు చేసి నీ కుండీలోనే వేసుకోవచ్చు.

మీ బాబాయి వచ్చే ఆదివారం అటు వస్తున్నారు. ఆయన చేత ఒక సంచి ఎండు ఆకులు, డబ్బాడు పాత ఎరువు, రెండు గోగునార సంచులు పంపుతున్నాను. ఆ సంచులను మడిచి బీరువాలో దాచకు, ఒకటి వీధి తలుపు గొళ్లానికి, మరొకటి అల్లుడుగారి బండి హ్యాండిల్‌కు తగిలించు.

ఆశీస్సులతో,
మీ పిన్ని