సూడాన్ సంగతి తర్వాత, ముందు మీ ఆవిడ సంగతి

ప్రశ్న: నాకు 53 ఏళ్లు. హనుమకొండలో ఉంటాం. పరకాల వైపు ఒక సర్కారు బడిలో సోషల్ చెబుతాను. ఉస్మానియాలో పీజీ చేసేటప్పుడు సూడాన్ నుంచి వచ్చిన ఒకాయన హాస్టల్‌లో నా పక్క గదిలో ఉండేవాడు. వాళ్లది ఓమ్‌దుర్మాన్. 1999లో నా పెళ్లికి మా అత్తగారి ఊరు కూడా వచ్చాడు. మా మామ ప్రతి దసరాకు 'మీ సూడాన్ దోస్తు మంచిగున్నడా' అని అడిగేవాడు. అక్కడ యుద్ధం మొదలయ్యాక కొన్నాళ్లు మెసేజ్‌లు పెట్టాడు. 2024 ఫిబ్రవరి నుంచి ఒక్క టిక్కే పడుతోంది. రాత్రి రెండింటి దాకా హాల్లో దివాన్ మీద పడుకుని ఆ వీడియోలే చూస్తాను. మా ఆవిడ మధ్యలో లేచి వచ్చి, నీళ్లు తాగి వెళ్తుంది. అక్కడి ఎల్ ఫాషర్ నగరంలో జనం నూనె తీసిన పల్లిచెక్క తిని బతుకుతున్నారని చదివిన రాత్రి, మా మామ బర్లకు అది నానబెట్టడం గుర్తొచ్చి వెక్కివెక్కి ఏడ్చాను. మా ఆవిడ చూసి, 'మా బాపు పోయిననాడు ఒక్క చుక్క రాలే. సూడానోళ్లకైతే వస్తున్నయి' అంది. మామ చనిపోయింది 2025 ఏప్రిల్‌లో. స్పాట్ వాల్యుయేషన్ ఉండి దహనం కాగానే వచ్చేశాను. దినాలనాటికి ఎల్ ఫాషర్ దగ్గర ఇళ్లు వదిలినవాళ్లుండే జమ్‌జమ్ శిబిరం మీద దాడి వార్తలు, ఫోన్ వదల్లేకపోయాను. నాలాంటి సామాన్యుడు ఏం చేయగలడు మేడమ్? ఇదేమైనా మానసిక జబ్బా?

జవాబు: సార్, మీరు అడిగినవాటికి ముందు గబగబా చెప్పేస్తాను. జబ్బు అనడానికి మీ ఉత్తరంలో నాకేమీ కనబడలేదు. నిద్ర ఇలాగే పాడవుతుంటే మాత్రం డాక్టరుకు చూపించండి. ఇక ఏం చేయగలరంటే, చాలా కొంచెం. 2021లో కలిసి గద్దెనెక్కిన ఇద్దరు జనరళ్లు, సైన్యాధిపతి బుర్హాన్, అర్ధసైనిక దళం నాయకుడు హెమెద్తీ, 2023 ఏప్రిల్ 15న ఒకరి మీద ఒకరు తుపాకులెత్తారు. కోటిమందికి పైగా ఇళ్లు వదిలారు. మీరూ నేనూ మేలుకుని చూసినంత మాత్రాన ఆ జనరళ్లు ఆగరు. డబ్బు పంపాలనుకుంటే ఐక్యరాజ్య సమితి ప్రపంచ ఆహార కార్యక్రమం ఉంది. జీతం పడ్డ రోజే కొంత పంపి, ఆ పూట ఫోన్ పక్కన పెట్టండి. వీడియోలు ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. పదో తరగతి పిల్లలకు ఒక పీరియడ్ సూడాన్ గురించి చెప్పండి. అక్కడ వీధి వీధికీ కుర్రవాళ్లు కమిటీలు కట్టుకుని, పెద్ద గిన్నెల్లో పప్పు ఉడికించి ఇరుగుపొరుగుకు పెడుతున్నారని చెప్పండి. ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ అంటారు వాటిని. 2025లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వాళ్లకూ వచ్చింది. శవాల కంటే అది చెబితే పిల్లలకు ఎక్కువ గుర్తుంటుంది.

మీ స్నేహితుడి సంగతి. మీరు చెప్పిన ఆ ఫిబ్రవరిలోనే సూడాన్‌లో దాదాపు దేశమంతా ఫోన్లు, ఇంటర్నెట్ బందయ్యాయి. ఆ తర్వాత సిమ్ మార్చినవాళ్లు, ఈజిప్టుకు వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో. ఒక్క టిక్ చూసి మనిషి లేడనుకోకండి. పాత ఈమెయిల్ ఉంటే దానికి రాయండి. ఉస్మానియాలో మీతో చదివిన మిగతావాళ్లను అడగండి.

అయిపోయింది. ఇప్పుడు నేను మాట్లాడాలనుకున్నది మాట్లాడతాను.

రాత్రి రెండింటికి మీ ఆవిడ లేచి వచ్చి నీళ్లు తాగి వెళ్తుందని రాశారు. ఎన్ని నెలలుగా? మన ఇళ్లల్లో పడుకునేముందు తలాపున చెంబెడు నీళ్లు పెట్టుకోని ఆడమనిషిని నేను చూడలేదు. ఆమె వచ్చేది నీళ్ల కోసమేనా సార్? వచ్చినప్పుడు మీరు తలెత్తి చూశారా? కనీసం ఫోన్ వెలుగైనా తగ్గించారా?

నా పక్షపాతం దాచుకోను. మామ దినాలనాడు అల్లుడు షామియానా కింద కుర్చీలో ఫోన్ పట్టుకుని కూర్చోవడం నాకు నచ్చలేదు. వాల్యుయేషన్ సాకు కూడా నచ్చలేదు. ఇంట్లో చావు జరిగిందని చెబితే వదిలిపెట్టని అధికారి ఉంటాడా? మీరు అడిగారో లేదో ఉత్తరంలో ఎక్కడా లేదు, అడిగి ఉండరనే నా అనుమానం. అక్కాచెల్లెళ్ల ముందు, ఊరివాళ్ల ముందు ఆమె ఆ రోజు ఎంత చిన్నబోయి ఉంటుందో నేను విప్పి చెప్పనక్కర్లేదు. మీరు ఇన్నాళ్లు సంసారం చేసినవారు.

అయితే మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు పల్లిచెక్క దగ్గర ఆగిపోయాను. యుద్ధం మొదలైనప్పటి నుంచి చూస్తున్నారు. జమ్‌జమ్ శిబిరంలో కరువని ప్రకటించినప్పుడు చదివి ఉంటారు, బాంబులు పడటం చూసి ఉంటారు. అప్పుడు ఏడ్చినట్టు రాయలేదు. మీరు వెక్కివెక్కి ఏడ్చింది పల్లిచెక్క దగ్గర. అక్కడివాళ్లు నూనె తీశాక మిగిలిన ఆ గట్టి బిళ్లలను 'అంబాజ్' అంటారు. పశువుల దాణా. మీకు ఆ మాట కంటే ముందు కొట్టంలో నానిన చెక్క వాసన తగిలింది. మోచేతి దాకా తొట్టిలో చెయ్యి పెట్టి కలిపే మనిషి కనబడ్డాడు. సార్, ఆ రాత్రి మీరు ఏడ్చింది మామ కోసం. ఏప్రిల్‌లో బాకీ పడ్డ ఏడుపు అది. ఎల్ ఫాషర్ జనం మీద మీకు జాలి లేదని అనడం లేదు, ఉంది. కానీ ఆ దుఃఖం మొదలు ఎక్కడుందో మీకు తెలియలేదు. ఆమెకూ తెలియదు. తన తండ్రి మీద లేని ప్రేమ ఊరూ పేరూ తెలియనివాళ్ల మీద ఉందని, పాపం, అనుకుని వెళ్లి పడుకుంది.

ఈ ఒక్క మాట ఆమెకు చెప్పండి. సారీ చెప్పమనడం లేదు, సారీలు మన దగ్గర అతకవు. 'ఆ రాత్రి నాకు మామ యాదికొచ్చిండు' అంటే చాలు. వెంటనే కరిగిపోతుందని ఆశపడకండి, ఇంకో రెండు మాటలు అననివ్వండి. అననివ్వడం మీ బాధ్యత.

సంవత్సరీకానికి ముందే సెలవు పెట్టి, రెండు రోజుల ముందు వెళ్లండి. మీ బావమరుదులతో కలిసి సరుకులకు తిరగండి, వంటవాళ్లను మాట్లాడండి. అత్తమ్మ దగ్గర కూర్చోండి. బర్లను అమ్మేశారో ఉంచారో మీకు తెలుసా?

మీ దోస్తుకు ఈమెయిల్ రాసేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి. పెళ్లిలో ఆయనకు విస్తరి వేసి, దగ్గరుండి వడ్డించి ఉంటాడు ఆమె బాపు. ఫొటో ఉండే ఉంటుంది. ఆల్బమ్ ఏ బీరువాలో ఉందో మీకు తెలియదని నాకు తెలుసు. ఆమెను అడగండి.