అలసట, గురక, చేతి తిమ్మిరి: మూడింటికీ కారణం ఒకటేనా?

ప్రశ్న: నా వయసు 52. ముట్లు నిలిచి ఏడాదిన్నర అయింది. తిరుచానూరులో పూలు కడతాను. ఆరు నెలలుగా ఎంత పడుకున్నా అలసట తీరడం లేదు. నా గురకకు ఇంట్లోవాళ్లకు నిద్ర ఉండటం లేదు. తెల్లవారుజామున కుడిచెయ్యి మొద్దుబారి మెలకువ వస్తోంది, విదిలిస్తే తగ్గుతోంది. నాలుగు కిలోలు పెరిగాను. ‘ఈ వయసులో మామూలే’ అంటున్నారు. నిజమేనా?
- ఒక సోదరి, తిరుపతి

జవాబు: మామూలే అని వదిలేయకండమ్మా. ముట్లు నిలిచాక ఆవిర్లు వస్తాయి, నిద్ర చెదురుతుంది, గురక కూడా పెరగొచ్చు. కానీ ఈ మూడు బాధలూ బరువుతో కలిసి వచ్చాయంటే ముందు చూడాల్సింది థైరాయిడ్. అది మందగిస్తే చర్మం కింద, నాలుకలో, గొంతులో నీరు పట్టినట్టు వాపు చేరుతుంది. గాలి దారి ఇరుకై గురక వస్తుంది. మణికట్టులోని సన్నటి దారిలో నరం నొక్కుకుపోయి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మలబద్ధకం, పొడిచర్మం, గొంతు బొంగురు ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ పరీక్షలతో పాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), హెచ్‌బీఏ1సీ (షుగరు పరీక్ష), విటమిన్ బి12 కూడా చేయించండి. షుగరున్నా, బి12 తగ్గినా తిమ్మిర్లు వస్తాయి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పి, పరీక్షకు కనీసం రెండు రోజుల ముందే ఆపండి. అవి థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపించగలవు.

ఏ వేళ్లు మొద్దుబారుతున్నాయో ఈ రాత్రే గమనించండి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు అయితే మణికట్టు నరం. చిటికెనవేలైతే మోచేతి దగ్గరి నరమో, మెడో చూడాలి. రెండు అరచేతుల వెనుకభాగాలను ఆనించి, వేళ్లు కిందికి వేలాడేలా ఒక నిమిషం ఉంచండి. తిమ్మిరి మొదలైతే మణికట్టు మీదే అనుమానం. రాత్రిపూట మణికట్టు వంగకుండా నిటారుగా ఉంచే పట్టీ కట్టుకోండి, బిగుతుగా వద్దు. మూర తర్వాత మూర కడుతూ పోకుండా అరగంటకోసారి చెయ్యి చాచి విశ్రాంతినివ్వండి. దారం జారిపోతున్నా, బొటనవేలి మొదట్లో కండ పల్చబడినా నరాల పరీక్షకు ఆలస్యం చేయొద్దు.

గురక సంగతి మీకు తెలియదు, ఇంట్లోవాళ్లే చూడాలి. మధ్యలో పది సెకన్లకు పైగా ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై లేస్తుంటే నిద్ర పరీక్ష (నిద్రలో ఊపిరి తీరును గమనించే పరీక్ష) అవసరం. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వేసుకోకండి, ఊపిరి ఆగడం ఇంకా ఎక్కువ కావచ్చు.

థైరాయిడ్ మాత్ర రాస్తే పరగడుపున నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట తర్వాతే కాఫీ తాగండి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఈ ఎడం పాటించకే చాలామందికి మోతాదు సరిపోనట్టు కనిపిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూపించండి. అది దారికొచ్చినా గురక తగ్గకపోతే నిద్ర పరీక్ష తప్పదు.

చెయ్యి హఠాత్తుగా చచ్చుబడి మూతి వంకరపోయినా, మాట తడబడినా వెంటనే 108కు ఫోన్ చేయించండి. ముట్లు నిలిచాక ఒక్క చుక్క రక్తం కనిపించినా గైనకాలజిస్టును కలవాలి.