పీసీఓఎస్: మూడు నెలలకే మాత్రలు ఆపేయవద్దు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల సమతుల్యత దెబ్బతినే సమస్య) వల్ల నెలసరి సరిగా రాదు, మొటిమలు, గడ్డం మీద రోమాలు ఉన్నాయి. మూడు నెలలుగా గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా రోమాలు తగ్గలేదు. ఇవి మానేసి స్పైరోనోలాక్టోన్ వాడవచ్చా? వచ్చే ఏడాది పిల్లల్ని కనాలనుకుంటున్నాం.

జవాబు: మీ నిరాశ సహజమే కానీ, మందు పనిచేయడం లేదని తేల్చడానికి మూడు నెలలు చాలవు. ఇప్పుడు మీకు కనిపిస్తున్న రోమాలు ఎప్పుడో మొదలై పెరుగుతున్నవి. అవి రాలిపోయి, వాటి స్థానంలో సన్నటివి రావాలంటే కనీసం ఆరు నెలలు పడుతుంది. మొటిమలు మాత్రం కాస్త ముందే తగ్గుముఖం పడతాయి.

ఈ మాత్రల్లోని ప్రొజెస్టిన్ అనే హార్మోన్, అండాశయాలను ప్రేరేపించే ఎల్‌హెచ్ హార్మోన్‌ను అణచడం వల్ల అక్కడ ఆండ్రోజెన్ల (టెస్టోస్టెరాన్ వంటి పురుష హార్మోన్ల) ఉత్పత్తి తగ్గుతుంది. మాత్రల్లోని మరో హార్మోన్ ఈస్ట్రోజెన్ ప్రభావంతో కాలేయం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది; అది రక్తంలోని టెస్టోస్టెరాన్‌ను పట్టి ఉంచడంతో, రోమాల కుదుళ్లపై పనిచేయగల స్వేచ్ఛా టెస్టోస్టెరాన్ తగ్గిపోతుంది. అందువల్ల మాత్రలు వాడుతుండగా టెస్టోస్టెరాన్ పరీక్ష చేయించుకుంటే, ఆ ఫలితాన్ని బట్టి మీ అసలు పరిస్థితిని అంచనా వేయలేం.

స్పైరోనోలాక్టోన్ ఆండ్రోజెన్ల పనిని కుదుళ్ల దగ్గరే అడ్డుకుంటుంది. ఆరు నెలల తర్వాతా ఫలితం చాలకపోతే సాధారణంగా దాన్ని గర్భనిరోధక మాత్రలకు జోడిస్తాం, వాటికి బదులుగా ఇవ్వం. ఎందుకంటే ఈ మందు వాడుతుండగా గర్భం వస్తే, మగశిశువు జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా దాన్నొక్కదాన్నే వాడితే నెలసరి మరింత గాడి తప్పవచ్చు. వచ్చే ఏడాది పిల్లల కోసం ప్రయత్నించాలనుకునే మీకు ఇప్పుడు దాన్ని మొదలుపెట్టమని నేను సలహా ఇవ్వను. మందుల ప్రభావం కనిపించేలోగా లేజర్ చికిత్స తీసుకోవచ్చు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ ఇన్సులిన్ నిరోధకతకు (శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోవడానికి) మేలు చేస్తుంది గానీ, రోమాల విషయంలో దాని ప్రభావం స్వల్పమే.

రక్తం గడ్డకట్టిన చరిత్ర, అదుపులో లేని రక్తపోటు, చూపులో మెరుపులు కనిపించి వచ్చే మైగ్రేన్ ఉన్నవారికి ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు పనికిరావు. వీటిలో ఏదైనా మీకుంటే మీ గైనకాలజిస్టుకు వెంటనే చెప్పండి. కాలి పిక్కలో వాపుతో కూడిన నొప్పి, హఠాత్తుగా ఆయాసం లేదా ఛాతీనొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కొద్ది నెలల్లోనే రోమాలు విపరీతంగా పెరిగి, గొంతు బొంగురుపోతే అది పీసీఓఎస్ కాకపోవచ్చు. అండాశయాల్లో గానీ అడ్రినల్ గ్రంథుల్లో గానీ కణితి ఉందేమో చూడటానికి ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల వైద్య నిపుణులను) కలవాలి.