బ్యాండ్ సా బ్లేడు బిగువు

ప్రశ్న: మా 14 అంగుళాల బ్యాండ్ సాకు (రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడున్న రంపం మిషను) అర అంగుళం బ్లేడు వేశాం. బిగువు చూపే స్కేలు ముల్లు సరైన గీత మీదే ఉన్నా, 5 అంగుళాల టేకు చీలిస్తే కోత మధ్యలో పొట్టలా వంగుతోంది. ఎందుకు?

జవాబు: బిగువు చాలడం లేదండీ. వాడగా వాడగా బ్లేడును బిగువుగా ఉంచే స్ప్రింగు నీరసిస్తుంది, ముల్లును నమ్మకండి. ప్లగ్గు తీసి, పై గైడును (బ్లేడు పక్కకు కదలకుండా పట్టే భాగాన్ని) బల్లకు 6 అంగుళాల ఎత్తున పెట్టి, బ్లేడు పక్కభాగాన్ని మధ్యలో వేలితో ఓ మోస్తరుగా నొక్కండి. పావు అంగుళం వంగితే సరి. ఇంకా వంగితే బిగింపు మరను పావు చుట్టు చొప్పున బిగిస్తూ మళ్లీ చూడండి. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనితే ఆపేయండి, స్ప్రింగే మార్చాలి. అతిగా బిగిస్తే బ్లేడు అతుకు దగ్గర తెగుతుంది. బిగించాక చక్రాన్ని చేత్తో తిప్పి బ్లేడు చక్రం మీంచి పక్కకు జరగకుండా నడుస్తోందేమో చూడండి. మొద్దుబారిన బ్లేడైతే మాత్రం ఎంత బిగించినా కోత నిటారుగా రాదు, ముందు అది మార్చండి.