ముగ్గు పోసే ముందు హద్దురాయి చూడండి

కిందటి నెల ఒక అమ్మాయి ఫోను చేసింది. అమెరికా వచ్చి రెండేళ్ళయింది. భార్యాభర్తలిద్దరూ కూడబెట్టిన డబ్బుతో తిరుపతి శివార్లలో 60 అంకణాల స్థలం కొన్నారు. ఇప్పుడు అక్కడ అత్తమామల కోసం ఇల్లు మొదలుపెడుతున్నారు. "అక్కా, ప్లాను పంపించాను. వంటగది ఆగ్నేయంలోనే పడింది కదా, ఒకసారి చూసి చెప్పండి" అంది. చూశాను. వంటగది, నైరుతి పడకగది, ఈశాన్యంలో బోరు, అన్నీ కుదిరాయి. "ఇది కాగితం మీది ఇల్లు కదమ్మా, నేల మీద ఎక్కడ మొదలవుతుందో ఎవరు చూపిస్తారు?" అని అడిగాను. "మేస్త్రీ సున్నంతో గీతలు గీసి ముగ్గు పోస్తాడు అక్కా" అంది.

ఇక్కడికి కొత్తగా వచ్చి ఊళ్ళో ఇల్లు కడుతున్న పిల్లలు నన్ను గదుల గురించి అడుగుతారు, మెట్ల గురించి అడుగుతారు. ఈ ఒక్క సంగతి మాత్రం ఎవరూ అడగరు. కొలత హద్దురాయి దగ్గర మొదలుకావాలి, పక్కవాళ్ళ గోడ దగ్గర కాదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2011లో మా ఇంటికి జరిగింది ఇదే.

అప్పటికి తిరుపతి ఇంకా చిత్తూరు జిల్లాలోనే ఉంది. మా స్థలమూ 60 అంకణాలే. తూర్పున రోడ్డు, రోడ్డు వెంట 36 అడుగులు, లోపలికి 60 అడుగులు. దక్షిణం ప్లాటులో అప్పటికే ఇల్లు, ప్రహరీ ఉన్నాయి. ఉత్తరం వైపు ఖాళీ. మేస్త్రీ ఆ ప్రహరీకి టేపు ఆనించి, ఉత్తరానికి 36 అడుగులు లాగి అక్కడ గూటం దిగ్గొట్టాడు. నాన్న పక్కనే గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ముప్పై ఆరూ సరిగ్గా వచ్చేసరికి ఎవరికీ అనుమానం రాలేదు. దక్షిణాన 4 అడుగులు, ఉత్తరాన 6 అడుగులు వదిలి 26 అడుగుల వెడల్పున ఇల్లు లేచింది. ఈశాన్యం మూల, కొత్త ప్రహరీకి అడుగు లోపలగా బోరు వేశాం. నీళ్ళు బాగా పడ్డాయి.

రెండేళ్ళ తరువాత ఉత్తరం ప్లాటు ఆయన కువైట్ నుంచి సెలవులో వచ్చి సర్వే చేయించారు. దక్షిణం వాళ్ళ ప్రహరీయే మా స్థలంలోకి అడుగున్నర జరిగి ఉందని అప్పుడు తేలింది. ఆ గోడ దగ్గర మొదలుపెట్టిన మేము అంతే అడుగున్నర ఆయన స్థలంలోకి జరిగాం. అరవై అడుగుల ప్రహరీ పడగొట్టాల్సి వచ్చింది. బోరు అరడుగు తేడాలో ఆయన నేలలో ఉండిపోయింది. ఉత్తరాన ఎక్కువ, దక్షిణాన తక్కువ ఉండాలని పట్టుబట్టి గీయించుకున్న ప్లాను అసలు హద్దుల నుంచి కొలిస్తే తలకిందులైంది. దక్షిణాన ఐదున్నర, ఉత్తరాన నాలుగున్నర. అనుమతి పొందిన ప్లానుకూ కట్టిన ఇంటికీ పొంతన పోయింది. ఆయన మంచి మనిషి కాబట్టి కోర్టు దాకా వెళ్ళలేదు. బోరులోంచి మోటారు పైకి లాగిన రోజు నాన్న ఇంట్లోంచి బయటికి రాలేదు.

ఇక్కడ న్యూజెర్సీలో మేము ఇల్లు కట్టించుకున్నప్పుడు లైసెన్సు ఉన్న సర్వేయరు వచ్చి ఇంటి మూలలకు గుర్తులు పెట్టాడు. పునాది లేచాక మళ్ళీ వచ్చి కొలిచాడు. హద్దుల నుంచి పునాది ఎంత దూరంలో ఉందో పటం గీసి టౌన్‌షిప్‌కు ఇచ్చాకే పైపని సాగింది. దీనికి అలవాటు పడితే ఊళ్ళోనూ ఎవరో ఒకరు చూసుకుంటారులే అనిపిస్తుంది. అక్కడ ప్లాను గీసిన ఆయన కాగితం వరకే చూస్తాడు. మేస్త్రీ ఆ కొలతలను నేల మీదికి దించుతాడు. ఎక్కడి నుంచి దించాలో చెప్పే మనిషి మీరు పెట్టుకుంటేనే ఉంటాడు.

దస్తావేజులో చెక్కుబందీ ఉంది కదా అంటారు. ఉత్తరం 23వ నంబరు ప్లాటు, దక్షిణం 21వ నంబరు ప్లాటు అని రాసి ఉంటుంది. పొరుగు ఎవరో దాన్నిబట్టి తెలుస్తుంది కానీ, గీత నేల మీద ఎక్కడ పడుతుందో తెలియదు. దానికి తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదించిన లేఔట్ నకలు కావాలి, ఆ సర్వే నంబరు హద్దుల కొలతలు చూపే ఎఫ్.ఎం.బి. పటం కావాలి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే మీ గ్రామంలో పూర్తయి ఉంటే ఎఫ్.ఎం.బి. బదులు కొత్త కొలతలతో గీసిన ఎల్.పి.ఎం. పటం తీసుకోండి. సర్వే నంబరు రాళ్ళ దగ్గర మొదలుపెట్టి లేఔట్ రోడ్లకు, రోడ్ల నుంచి మీ నాలుగు మూలలకు కొలుచుకుంటూ రావాలి. సర్వే నంబరు హద్దులు కొలిచి చూపమని మీసేవలో అర్జీ పెట్టుకోవచ్చు, దాన్ని ఎఫ్ లైన్ అర్జీ అంటారు. సంతకం పెట్టే అధికారం అక్కడ ఒకరికి ముందే ఇచ్చి ఉంచండి. ఇక్కడ రాసిన పవర్ ఆఫ్ అటార్నీకి, అది ఇండియా చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించుకోవాలి. ప్రైవేటు సర్వేయరును పెట్టుకున్నా మంచిదే. ఫోనులో మ్యాపు తెరిచి ఇదే మీ మూల అనే మనిషిని మాత్రం నమ్మకండి. ఫోను చూపే చోటు మీటర్ల లెక్కన తప్పుతుంది, మనకు కావలసింది అంగుళాల లెక్క. కొలిచే రోజు ఇరుగుపొరుగును పిలవండి. వాళ్ళ ఎదుటే నాలుగు మూలలా రాళ్ళు నాటించి కాంక్రీటు పోయించండి.

అంకణం గురించీ ఒక మాట. మన తిరుపతి వైపు అంకణమంటే 36 చదరపు అడుగులు. వేరేచోట్ల 72 లెక్క ఉంది. కాగితాల్లో అంకణాలతో పాటు ప్రతి వైపు కొలత అడుగుల్లో రాయించుకోండి.

ఇక దిక్కులు. తిరుపతిలో పుట్టిన మనకు రాత్రి తిరుమల కొండ మీది గాలిగోపురం దీపాలు కనిపించే వైపే ఉత్తరం. ఊళ్ళో దారి చెప్పడానికి అది చాలు, ఇంటికి చాలదు. రేణిగుంట దగ్గర స్థలమైతే తిరుమల దాదాపు పడమటికి వెళ్ళిపోతుంది. పొద్దు పొడిచే వైపు తూర్పు అనుకుందామా, డిసెంబరులో సూర్యుడు అసలు తూర్పుకు దాదాపు 24 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. దిక్సూచి మన ఊళ్ళో నమ్మదగినదే, అక్కడ అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ చుట్టుపక్కలే. కానీ పక్కన ఇనుము ఉండకూడదు. మా తమ్ముడి స్థలంలో కడ్డీల మోపు పక్కన నిలబడి చూసినప్పుడు ముల్లు ఒక వైపు చూపింది, ఇరవై అడుగులు నడిచాక ఇంకో వైపు చూపింది.

అందుకే ఆ రోజు పాత పద్ధతి పట్టాం. చదును చేసిన నేలలో మూడడుగుల కడ్డీని తూకం గుండుతో సరిచూసి నిటారుగా నిలిపాం. దాని మొదట్లో పురికొస కట్టి చుట్టూ వలయం గీశాం. ఉదయం పది గంటల ప్రాంతంలో నీడ కొస వలయాన్ని తాకిన చోట ఒక మేకు, మధ్యాహ్నం రెండు దాటాక మళ్ళీ తాకిన చోట ఇంకో మేకు. రెండింటినీ కలిపిన గీతే తూర్పు పడమర. శిల్పశాస్త్రాల్లో చెప్పిన శంకువు ఇదే. శంకుస్థాపనలో ఆ మాట ఇంకా మిగిలి ఉంది. ఆ గీతతో పోలిస్తే రోడ్డు నాలుగు డిగ్రీలు తిరిగి ఉంది. స్థలంలో ఇంటిని దిక్కుకు తిప్పి కట్టమని వాస్తు పండితుడు అన్నారు. నేను ఒప్పుకోలేదు. 40 అడుగుల గోడను నాలుగు డిగ్రీలు తిప్పితే ఒక చివరకూ రెండో చివరకూ దాదాపు మూడడుగులు తేడా వస్తుంది. వదలాల్సిన ఖాళీ ఒకవైపు తగ్గిపోతుంది, మరోవైపు ఎందుకూ పనికిరాని ముక్కోణం మిగులుతుంది. అంత కొద్ది తేడాకు ఇల్లు రోడ్డుకు సమాంతరంగా ఉండటమే మేలు. అసలే విదిక్కు స్థలమైతే, అంటే మూలలే దిక్కులకు తిరిగి ఉంటే, ఆ ఆలోచన కొనేముందే చేయాలి.

నేల ఎత్తు కూడా ముగ్గు నాడే తేల్చుకోండి. 2021 నవంబరు వానలకు తిరుపతిలో ఎన్ని కాలనీలు నీట మునిగాయో మీకూ తెలుసు. ఎదుటి రోడ్డు మీద ఇంకో పొర పడితే మీ గడప ఎక్కడుంటుందో ఆలోచించి పునాది ఎత్తు చెప్పండి.

ఇప్పుడు ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ముగ్గు పోసేటప్పుడు వీడియో కాల్‌లో ఉండండి. టేపు సున్నా హద్దురాయి మీద ఉండటం మీ కళ్ళతో చూడండి. స్థలం మూల నుంచి మూలకు కొలిపించండి. 36 కి 60 అయితే రెండు వైపులా 70 అడుగులకు కాస్త తక్కువగా, ఒకే కొలత రావాలి. తరువాత ఇంటి ముగ్గు. 26 కి 40 అయితే మూల నుంచి మూలకు 47 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. రెండు కొలతలూ ఒకటి కాకపోతే ముగ్గు చెరిపించి మళ్ళీ పోయించండి, మొహమాటపడకండి. ఆ పూట అయ్యేది రెండు దోసిళ్ళ సున్నం ఖర్చు. స్తంభాల గుంతలు తీశాక, గోడల అడుగున వచ్చే కాంక్రీటు దూలం (ప్లింత్ బీము) పోసే ముందు, ఇదే కొలత ఇంకోసారి.

ఆమె ముహూర్తం వచ్చే శుక్రవారం ఉదయం ఆరున్నరకు. మనకు గురువారం రాత్రి తొమ్మిది అవుతుంది. నేనూ ఆ కాల్‌లో ఉంటానని చెప్పాను.