మేనల్లుడికి, ఓడ ఎక్కేముందు

సౌతాంప్టన్, మార్చి 1955

ఒరేయ్ అబ్బాయ్,

నిన్ను క్వీన్ మేరీలో స్టీవార్డ్‌గా తీసుకున్నారని మీ అమ్మ చెప్పింది. 1936 మేలో ఆ ఓడ మొదటిసారి న్యూయార్క్ బయల్దేరినప్పుడు డైనింగ్ హాల్లో నేనూ ఉన్నాను. అందుకే ఈ ఉత్తరం.

దాని సైజు చూసి మోసపోకు. వెయ్యి అడుగుల పైన పొడవున్నా బాగా ఊగుతుంది. మెల్లగా ఓ పక్కకి ఒరిగి, అక్కడే కాసేపు ఆలోచిస్తున్నట్టు ఆగి, అప్పుడు ఇటు తిరుగుతుంది. ట్రే చేతిలో ఉంటే ఆ ఆగిన క్షణంలో కదలకు. మోకాళ్లు కాస్త వంచి నిలబడు, ఓడ తిన్నగా అవుతుండగా నడువు. నేను ఈ మాట వినకుండా ఒకసారి నాలుగు గిన్నెల సూప్ ఓ పెద్దాయన ఒళ్లో పోశాను. ఆయన నవ్వేశాడు, మా హెడ్ వెయిటర్ మాత్రం నవ్వలేదు.

తుఫాను రోజున టేబుల్ గుడ్డ తడిపి పరుచు, ప్లేట్లు జారవు. టేబుల్ చుట్టూ పట్టీలు పైకి లేపు. సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. వచ్చిన వాళ్లు మాత్రం మామూలుకి రెట్టింపు తింటారు, ఎందుకో మరి!

ఫస్ట్ క్లాస్ హాల్లో గోడ మీద అట్లాంటిక్ మ్యాప్ ఉంటుంది. అందులో గాజు ఓడ బొమ్మ రోజూ కొంచెం కొంచెం జరుగుతూ ఉంటుంది. ఇప్పుడు ఎక్కడున్నామని ప్రతి టేబుల్ దగ్గరా అడుగుతారు. డ్యూటీకి వెళ్తూ ఒకసారి దాన్ని చూసుకుంటే చాలు. అదే మ్యాప్‌లో ఇంకో బొమ్మ కూడా ఉంటుంది, అది మన ఓడకి జంట ఓడ క్వీన్ ఎలిజబెత్‌ది.

న్యూయార్క్ వైపు వెళ్లేటప్పుడు గడియారం రోజూ గంట వెనక్కి తిప్పుతారు, ఆ గంట నిద్రపో. తిరుగు ప్రయాణంలో అదే గంట పోతుంది. అప్పుడు కళ్లు మండుతాయి, ఎవరి మీదా కసురుకోకు.

టిప్పులు చివర్లో వస్తాయి. వాళ్ల ఎదుట కవరు విప్పకు. ఎవరికి టీలో పాలు వద్దో రెండో రోజుకే గుర్తుంటే కవరు బరువుగా ఉంటుంది, లేకపోతే లేదు.

కొత్త బూట్లు వేసుకుని ఎక్కకు. ఇంట్లో రెండు వారాలు తొడుక్కుని తిరుగు.

మీ మామయ్య