పాత ట్రాక్టర్ల పానాలా, ట్రాక్టర్ల పాత పానాలా?

సందేహం: అమెరికాలో ఉంటున్న మా అన్నయ్య వెనకటి ట్రాక్టర్ల పనిముట్లు సేకరిస్తుంటాడు. వాటి మీద వ్యాసం రాస్తూ ‘పురాతన ట్రాక్టర్ రెంచీలు’ అని శీర్షిక పెట్టాను. ‘పురాతన’ ఇక్కడ దేనికి విశేషణం? ‘రెంచి’ అనాలా, ‘పానా’ అనాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: ముందు చిన్న ప్రశ్న. మెకానిక్ షెడ్డులో ‘పన్నెండు-పదమూడు పానా ఇలా ఇవ్వు’ అంటారు. పానా అందరికీ తెలిసిన మాట, హాయిగా రాయండి. రెంచి తప్పు కాదు. కాకపోతే వ్యాసమంతటా ఒకే మాట వాడండి.

అసలు చిక్కు ‘పురాతన’ దగ్గర ఉంది. ‘ట్రాక్టర్’ తర్వాత షష్ఠి కనబడకపోవడంతో ఆ విశేషణం ట్రాక్టర్‌కూ అన్వయిస్తుంది, రెంచీకీ అన్వయిస్తుంది. సేకరించేవారికి ఇది చాలా పెద్ద తేడా. 1917లో తయారీ మొదలైన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ నట్లకు నిన్న కొన్న పానా కూడా పట్టవచ్చు. అది పాత ట్రాక్టర్‌కు పనికొచ్చే పానా, అంతేగాని పాత పానా కాదు. కాబట్టి బహువచన షష్ఠిని బయటికి తెచ్చి ‘ట్రాక్టర్ల పాతకాలపు పానాలు’ అనండి. ‘పురాతన’ను శాసనాలకూ ఆలయాలకూ ఉంచుదాం. నూరేళ్ల ఇనుప పనిముట్టుకు ‘పాతకాలపు’ సరిపోతుంది.

ఈ జాగ్రత్త వ్యాసం లోపల కూడా కావాలి. మీరు పంపిన పేరాలో ‘అర అంగుళం పానా’ అని ఉంది. ఏది అర అంగుళం? బోల్టులకూ నట్లకూ బ్రిటన్‌లో వాడిన పాత ప్రమాణమైన విట్‌వర్త్ కొలతలో పానా మీది అంకె బోల్టు అడ్డుకొలతను చెబుతుంది. అర అంగుళం బోల్టుకు పట్టే ఆ పానా మూతి వెడల్పు 0.92 అంగుళం. అమెరికా పానాల మీద సాధారణంగా మూతి వెడల్పే వేస్తారు. అందుకని ‘అర అంగుళం బోల్టుకు పట్టే పానా’, ‘అర అంగుళం మూతి పానా’ అని విడదీసి రాయాలి. ఒక్క ‘పట్టే’ చేరిస్తే పాఠకుడు దారి తప్పడు.

‘ఐహెచ్‌సీ అక్షరాలున్నవి ట్రాక్టర్ పానాలు’ అన్న వాక్యాన్ని మార్చండి. ఐహెచ్‌సీ అంటే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ. 1902లో ఏర్పడిన ఆ కంపెనీ కోతయంత్రాలూ అమ్మింది. ఆ ముద్ర తయారీదారును చెబుతుందే తప్ప యంత్రాన్ని చెప్పదు. అక్కడ ‘ఐహెచ్‌సీ పానాలు’ అని ఆగడమే నిజాయితీ. పానా మీది భాగం సంఖ్యను కంపెనీ పాత విడిభాగాల జాబితాతో పోల్చి చూశాకే ‘ట్రాక్టర్’ చేర్చాలి.

చివరగా ‘చెక్కిన అక్షరాలు’ అన్నారు. మీరు పంపిన ఫొటోలో అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి, అంచులు మొద్దుబారి ఉన్నాయి. అవి చెక్కినవి కావు, పోతలోనో, అచ్చులో కాచి కొట్టినప్పుడో వచ్చినవి. ‘ఉబ్బెత్తు అక్షరాలు’ అనండి. లోహంలోకి దిగబడి ఉంటే ‘గుద్దిన ముద్ర’ అనవచ్చు. ఫెర్గూసన్ ట్రాక్టర్‌తో ఇచ్చిన పానా మీద నాగలి అమరికను కొలుచుకోవడానికి అంగుళాల గుర్తులుంటాయి. మీ అన్నయ్య దగ్గర అదీ ఉంటే వాటిని ‘గీతలు’ అంటే చాలు.